బైట్‌కి ఆ పేరు ఎలా వచ్చింది?

గంటస్తంభం, విజయనగరం
మా పాప తొమ్మిదో తరగతి. రాత్రి కంప్యూటర్ పాఠం చదువుతూ "నాన్నా, ఇంగ్లిష్‌లో బైట్ అంటే కొరకడం కదా, మరి దీనికి ఐ తీసేసి వై ఎందుకు పెట్టారు, ఎనిమిది బిట్లకీ కొరకడానికీ ఏంటి సంబంధం" అని అడిగింది. నాకు తెలీలేదు. ఇంకోటి, పరీక్షల్లో బిట్ పేపర్ అంటామే, ఆ బిట్టూ ఈ బిట్టూ ఒకటేనా? పొద్దున్న బడికెళ్లేలోపు చెప్తానన్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
పాప సరిగ్గానే పట్టుకుంది మాస్టారూ. అది కొరకడం బైటే. 1956లో ఐబీఎంలో స్ట్రెచ్ అనే కంప్యూటర్ డిజైన్ చేస్తున్నప్పుడు వెర్నర్ బుక్‌హోల్ట్స్ పెట్టిన పేరు. ఐతో రాస్తే చివర ఈ ఒక్కటి రాయడం మర్చిపోయినా బిట్ అయిపోతుంది, లెక్కంతా తారుమారు, అందుకే కావాలనే వై పెట్టాడు. తెలుగులో ఆ భయం లేదు, బిట్‌కి గుడి, బైట్‌కి ఐత్వం. కాకపోతే మనకి కుక్క బైటూ కంప్యూటర్ బైటూ ఒకేలా ఉంటాయి.
బిట్ అంటే బైనరీ డిజిట్‌ని, అంటే 0 లేదా 1 అనే అంకెని, కుదించిన మాట. బెల్ ల్యాబ్స్‌లో జాన్ టూకీ 1947లో వాడాడు, 1948లో క్లాడ్ షానన్ తన వ్యాసంలో ఆయన పేరు చెప్పి మరీ తీసుకున్నాడు. బిట్ పేపర్‌లోది వేరు, అది చిన్న ముక్క అనే పాత ఇంగ్లిష్ మాట. చిత్రం ఏంటంటే ఆ ముక్క కూడా కొరకడం నుంచి వచ్చిందే!

జీడితోట, పలాస
పై అన్న చెప్పింది కరెక్టే. ఒక్కటి కలుపుతాను. స్ట్రెచ్‌లో బైట్ అంటే ఎనిమిదే అని లేదు, తక్కువ బిట్లు కూడా ఉండొచ్చు. 1964లో ఐబీఎం సిస్టమ్ 360 ప్రకటించాక ఎనిమిది పాతుకుపోయింది. సగం బైట్‌ని, అంటే నాలుగు బిట్లని, నిబుల్ అంటారు, చిన్నగా కొరకడం.
పాపకి మన బియ్యం కొలతలతో చెప్పండి. మా అమ్మమ్మ లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. గిద్ద బిట్ అనుకుంటే సోల నిబుల్, తవ్వ బైట్! ఇంకా పైకెళ్తే మానిక, అడ్డ, కుంచం, అన్నీ రెట్టింపే, కుంచానికి 64 గిద్దలు. గిద్ద నుంచి ఆరుసార్లు రెట్టింపు చేస్తే 64 వచ్చింది, పదిసార్లు చేస్తే 1024. కిలోబైట్‌కి 1024 అనే అలవాటు ఈ రెట్టింపు లెక్కలోదే.

గంటస్తంభం, విజయనగరం
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. తవ్వ దగ్గర పాపకి ఠక్కున అర్థమైంది. గిద్ద మా ఇంట్లో లేదు, మా అమ్మ బియ్యం డబ్బాలోంచి సోల తీసిస్తే దాన్ని తుడిచి సంచిలో పెట్టుకుని వెళ్లింది, క్లాసులో చూపిస్తుందట.