సూపర్‌బర్డ్ మోడల్: పాత డెకాల్ నీళ్లలో ముక్కలవుతోంది

1970 నాస్కార్ (అమెరికా కార్ రేసుల) సీజన్‌లో రిచర్డ్ పెట్టీ నడిపిన 43వ నంబర్ ప్లిమత్ సూపర్‌బర్డ్ కారు మోడల్‌ను 1/25 స్కేల్‌లో చేస్తున్నాను. 1969లో ఫోర్డ్‌కి వెళ్లిన పెట్టీని ప్లిమత్ మళ్లీ తెచ్చుకున్నది ఈ కారుతోనే. అందుకే నంబర్లు చక్కగా రావాలని నాకు పట్టుదల.

బాడీకి వేసిన పెట్టీ బ్లూ రంగు, దాని పైన గ్లాస్ క్లియర్ (మెరిసే పారదర్శక పూత) పూర్తిగా ఆరాయి. సమస్యంతా కిట్‌తో వచ్చిన పాత డెకాల్ (నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జరిపి అంటించే స్టిక్కర్) షీట్‌తోనే. గోరువెచ్చటి నీళ్లలో 20 సెకన్లు ముంచి, టిష్యూ మీద ఒక నిమిషం ఉంచుతున్నాను. కాగితం మీంచి జరపబోతే తెల్ల అంకె సన్నని చీలికలై విడిపోతోంది. చన్నీళ్లు వాడినా తేడా లేదు. షీట్‌ను ఎండ తగిలే కిటికీకి అంటించి ఉంచితే పసుపు రంగు మాత్రం చాలావరకు పోయింది.

తర్వాత షీట్‌పై లాకర్ క్లియర్ (ఒక రకం పారదర్శక పూత) స్ప్రే రెండు పూతలు కొట్టి 24 గంటలు ఆరనిచ్చాను. ఫెండర్ల మీద వేసే చిన్న స్టిక్కర్లు బాగానే దిగాయి, తలుపుల మీది పెద్ద 43 మాత్రం మళ్లీ విరిగింది. ఇక మిగిలింది పైకప్పు మీది 43 ఒక్కటే. అది కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇంత పెద్ద పాత డెకాల్ విరగకుండా దిగాలంటే లాకర్ క్లియర్ బదులు ఏ పూత, ఎన్నిసార్లు వేయాలి?