స్లీప్ ఆప్నియాకు అమెరికాలో డిజెబిలిటీ భృతి: అప్పీలుకు ఏం జతచేయాలి?

మేముండేది టెక్సస్‌లో. మావారికి 52 ఏళ్లు, ట్రక్ డ్రైవర్. తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బు. స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 58, ఆక్సిజన్ 74 శాతానికి పడిపోయింది. రాత్రంతా సీప్యాప్ (మాస్కు ద్వారా గాలి పంపే యంత్రం) పెట్టుకుంటున్నా, మధ్యాహ్నం అన్నం కలుపుతూనే కునుకు పడిపోతున్నారు. మాస్కు మార్చాం, ప్రెషర్ 9 నుంచి 13కి పెంచారు, నిద్రమత్తుకు మందూ ఇచ్చారు. గుణం లేదు.

డిజెబిలిటీ భృతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ సోషల్ సెక్యూరిటీ వాళ్లు మా దరఖాస్తు తిరస్కరించారు. అప్పీలుకు 60 రోజులే గడువు. వాళ్ల జబ్బుల జాబితాలో దీనికి విడిగా లిస్టింగ్ లేదు, పల్మనరీ హైపర్‌టెన్షన్, హార్ట్ ఫెయిల్యూర్ లాంటివి ముదిరితే వాటి కింద చూస్తారు. దేవుడి దయవల్ల మావారికి అవి లేవు. ఇక మిగిలింది పనిచేసే సామర్థ్యాన్ని అంచనా వేసే ఆర్ఎఫ్‌సీ దారే.

ఆ దారిలో మంజూరైనవాళ్లు ఉంటే చెప్పండి: పగటి నిద్రమత్తుకు రుజువుగా ఏ పరీక్ష రిపోర్టు పెట్టారు?