ఆగిపోయిన నడకకు అందిన విరాళం ఎవరిది?

ప్రశ్న (రాజోలు దగ్గర ఆగిన వ్యక్తి)

డయాలిసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు పట్టణానికి వెళ్ళివచ్చే మా లంక గ్రామాల రోగుల దారి ఖర్చులకు విరాళం పోగుచేయడానికి, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి అంతర్వేది దాకా నడవాలని సంకల్పించి, భీష్మ ఏకాదశి నాటి స్వామివారి కల్యాణానికి చేరుకునేలా బయలుదేరాను. రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం దాటి రాజోలు చేరేసరికి పాదం నేల మీద మోపలేకపోయాను. ఎముకలో సన్నని పగులు వచ్చిందని, ఇక నడవవద్దని వైద్యులు చెప్పారు. దాతల్లో కొందరు మొత్తంగా ఇచ్చారు, కొందరు కిలోమీటరుకు ఇంతని లెక్కగట్టి ముందే ఇచ్చారు. నడవని దూరానికి అందిన సొమ్ము తిరిగి ఇచ్చేయాలా? నయమయ్యాక రాజోలు నుంచి నడిస్తే చాలునా, మళ్ళీ ధవళేశ్వరం నుంచే మొదలుపెట్టాలా?

జవాబు (అమలాపురం)

తిరిగి ఇచ్చేయాలండి. అంతర్వేది దాకా అని చెప్పి అడిగారు కాబట్టి రాజోలు దాకా నడిచిన వంతే మీకు చెల్లుతుంది. మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ విరాళం విషయంలో మాట సడలితే రేపు ఇంకొకరు అడిగినప్పుడు జనం నమ్మరు.

జవాబు (పాలకొల్లు)

అమలాపురం వారి పట్టింపు నాకు అర్థమవుతుంది. అయితే రోగికి చేరవలసిన సొమ్ము, నడవవలసిన దారి అనే రెండు వేర్వేరు బాకీలను వారు ఒకటిగా కలిపేశారు. దాత సొమ్ము ఇచ్చింది రోగికి. నడిచే మనిషి దానిని చేర్చే మధ్యవర్తి. మొత్తంగా ఇచ్చిన వారి సొమ్ము నుంచి ఒక్క రూపాయి వెనక్కి పంపినా అది రోగి బస్సు చార్జీలో నుంచి తీసినట్టే. కిలోమీటరు లెక్కన ఇచ్చిన వారి సంగతి వేరు. వారిని అడగాలి, వారి సమాధానం ఏదైనా మారుమాట లేకుండా పాటించాలి. ఎంత వచ్చింది, ఎవరికి చేరింది అన్న లెక్క అందరికీ చూపాలి. జనం నమ్మకం నిలిచేది ఆ లెక్క వల్లనే గాని, పాదయాత్ర చివరి మజిలీ వల్ల కాదు.

ఎముకలో పగులు పట్టుదల లేకపోవడం వల్ల వచ్చేది కాదు. రోజుల తరబడి ఒకే చోట పడే బరువుకు ఎముక తనను తాను సరిచేసుకునే వేగం చాలనప్పుడు వస్తుంది, తొలి రోజుల్లో ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు విశ్రాంతి కావాలి. ఓర్చుకుని నడిస్తే ఆ సన్నని పగులు దగ్గరే ఎముక పూర్తిగా విరగవచ్చు. దారిలో ముందున్న మలికిపురం, సఖినేటిపల్లి ఎంత దగ్గరలో ఉన్నా మీరు ఆగవలసిన చోటనే ఆగారు.

క్యాన్సర్ వల్ల ఒక కాలు కోల్పోయిన టెర్రీ ఫాక్స్ 1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు కొసన పరుగు మొదలుపెట్టి, 5,373 కిలోమీటర్లు వెళ్ళాక సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు. వ్యాధి ఊపిరితిత్తులకు పాకింది. పడమటి సముద్రం చేరనేలేదు, మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. క్యాన్సర్ పరిశోధనకు దేశంలో తలకొక డాలరు చొప్పున రావాలని అతడు కోరుకున్న మొత్తం, అతడు బతికి ఉండగానే, పరుగు ఆగిన తరువాత పూర్తయింది. పరుగు ఆగినంత మాత్రాన ఆ సొమ్ము ఆగలేదు.

అంత దూరం ఎందుకు, మీరు దాటి వచ్చిన గన్నవరం అక్విడక్టుకు (నది మీదుగా కాలువను దాటించే వంతెనకు) పెట్టిన పేరే అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మ గారిది. ఆమె అంతర్వేది దర్శనానికి బయలుదేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు తన ఇంటికే వస్తున్నారని విని, వెనుదిరిగి వచ్చి వారికి వండి పెట్టారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె యాత్ర ఆగిందని ఎవరూ నొచ్చుకోరు.

జవాబు (అమలాపురం)

సీతమ్మ గారు ఒకరి ఆకలి తీర్చడానికి తామై వెనుదిరిగారు. ఈయన ఆగింది నొప్పి వల్ల. రెండూ ఒకటి ఎలా అవుతాయండి?

జవాబు (పాలకొల్లు)

మీ అభ్యంతరం సరైనదే. ఆగిన కారణాలు ఒకటి కావు. ఆమెకు వెలితి ఉండి ఉండదు, ఈయనకు ఉంది. అందుకే రాజోలు నుంచి నడవాలా, ధవళేశ్వరం నుంచా అన్న ప్రశ్నకు మనం తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం. మిగిలిన దారి ఈయన సొంత మొక్కు. తీర్చుకోవాలనిపిస్తే వచ్చే మాఘంలో రాజోలు నుంచి, విరాళం ఊసు లేకుండా, ఇంటివారితో కలిసి నడవవచ్చు. తీర్చుకోకపోయినా రోగులకు ఏ లోటూ రాదు. అంతదాకా బాధగా ఉంటుంది, ఉండనివ్వండి. "అంతా మన మంచికే" అని ఓదార్చేవారి మాటలకు తల ఊపవలసిన అవసరం కూడా లేదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

కిలోమీటరు లెక్కన ఇచ్చిన వారికి రేపటి నుంచి ఫోను చేస్తాను. వెనక్కి కావాలన్న వారికి నడవని దూరపు వంతు పంపుతాను. ఈ నెల దారి ఖర్చులు మాత్రం అందాకా ఆపను, మొత్తంగా వచ్చిన సొమ్ములో నుంచి రేపే ఇస్తాను.