‘ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్’: తప్పా, మన ఇంగ్లీషా?

ప్రశ్న: ‘నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు’ అనడానికి పై వాక్యం తప్పని కొందరు, ఇండియన్ ఇంగ్లీషులో చెల్లుతుందని కొందరు అంటున్నారు. ‘ఐ యామ్ హేవింగ్ లంచ్’ ఒప్పయితే ఇదెందుకు తప్పు? (జవాబు మూడు వైపుల నుంచి: వ్యాకరణం, మన యాస, తెలుగు మీదుగా.)

వ్యాకరణం: తప్పేనండి. లంచ్ పక్కన ‘హేవ్’ అంటే తినడం. అది పని, మొదలవుతుంది, ముగుస్తుంది. బ్రదర్స్ పక్కన అదే మాటకు ‘ఉండటం’ అని అర్థం. అది స్థితి. ‘మధ్యలో ఉన్నాను, పది నిమిషాల్లో అయిపోతుంది’ అని భోజనం గురించి అనగలం, అన్నదమ్ముల గురించి అనలేం కదా. అనలేనిచోట ‘ఇంగ్’ వద్దు. నో (తెలుసు), ఓన్, బిలాంగ్ కూడా అంతే.

మన యాస: అంత తేలిగ్గా కొట్టేయకండి. భాషాశాస్త్రవేత్త బ్రజ్ కచ్రు 1985లోనే ఇంగ్లీషును మూడు వలయాలుగా చూపి, భారతదేశాన్ని రెండోదాంట్లో, అంటే మాతృభాష కాకపోయినా ఇంగ్లీషు చదువుల్లో, ఆఫీసుల్లో పాతుకుపోయిన దేశాల్లో పెట్టారు. ఇలాంటి చోట్ల ఇంగ్లీషు తన సొంత పద్ధతులు ఏర్పరచుకుంటుందని ఆయన వాదన. తెలుగువాళ్లూ హిందీవాళ్లూ తమిళులూ ఒకేలా అంటున్నదాన్ని ఒక్కొక్కరి పొరపాటుగా ఎలా లెక్కేస్తాం? అడుగడుగునా ‘తప్పు’ అంటే పిల్లలు నోరు తెరవరు.

వ్యాకరణం: నోరు తెరవాలనే నేనూ కోరేది. కానీ విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, మాట్లాడే భాగానికి నాలుగు కొలమానాలుంటే, అందులో ఒకటి వ్యాకరణమే. మార్కుల్లో పావు వంతు దానిదే. అక్కడికి వెళ్లేవాళ్లకు ముందే చెప్పకపోతే అన్యాయం.

తెలుగు మీదుగా: అసలు చిక్కు మన క్రియలో ఉందని నా అభిప్రాయం. ‘తింటున్నారు’లోనూ, ‘అన్నదమ్ములున్నారు’లోనూ చివర వినిపించేది ‘ఉన్నారు’. చెవి రెంటినీ ఒకే గాటన కట్టి, రెంటికీ ‘ఇంగ్’ తగిలిస్తుంది. అందుకని ముందు ‘తు’గానీ ‘టు’గానీ ఉందేమో చూడమనండి. తిం-టు-న్నారులో ఉంది, అన్నదమ్ములున్నారులో లేదు. డౌట్ ఉంది, జ్వరం ఉంది, ఇల్లుంది, వీటన్నిటికీ ‘హేవ్’ చాలు.

అయితే ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బ తింటారు. ‘వాడు వస్తాడనుకుంటున్నాను’లో ‘టు’ ఉంది, ఇంగ్లీషులో మాత్రం ‘ఐ థింక్ హీ విల్ కమ్’. ‘ఉద్యోగం మారడం గురించి ఆలోచిస్తున్నాను’ అయితే ‘ఐ యామ్ థింకింగ్ ఆఫ్’. మొదటిది అభిప్రాయం, రెండోది బుర్రలో నడుస్తున్న పని. ‘అర్థమవుతోంది’ కూడా ఇలాగే మోసం చేస్తుంది. దానికి ‘ఐ అండర్‌స్టాండ్’ అనాలి, ‘అండర్‌స్టాండింగ్’ కాదు.

మన యాస: ఇది ఒప్పుకుంటాను. మరి మెక్‌డొనాల్డ్స్ 2003 నుంచి వాడుతున్న ‘ఐ యామ్ లవిన్ ఇట్’ సంగతేంటి?

వ్యాకరణం: ఈ క్షణంలో ఆస్వాదిస్తున్నానని చెప్పడానికి లవ్, ఎంజాయ్ లాంటివాటితో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లూ అలా అంటారు. ‘నో’తో మాత్రం అనరు. అందుకే ‘ఇంగ్’ పెట్టకూడని క్రియల జాబితా బట్టీ పట్టించడం నాకూ ఇష్టం లేదు.

తెలుగు మీదుగా: ‘డౌట్’ విషయం వేరుగా చెప్పాలి. విదేశీ క్లయింటుతో కాల్‌లో ‘ఐ యామ్ హేవింగ్ డౌట్స్’ అంటే వ్యాకరణం ఒప్పే, కానీ అతనికి వినిపించేది ‘నాకు నమ్మకం సడలుతోంది’ అని. మనం అడగాలనుకున్నది చిన్న సందేహం. ‘ఐ హేవ్ ఎ క్వశ్చన్’ అనండి.