రక్కసి తంగడి యుద్ధం మతయుద్ధమేనా?

చర్చాంశం

1565 జనవరి 23న కృష్ణా తీరాన విజయనగర సైన్యం ఓడిపోయింది. విజయనగరాన్ని నడిపిస్తున్న వృద్ధుడు అళియ రామరాయలు శత్రువులకు చిక్కగా, అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాంషా ఆయన తల నరికించాడు. బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదరు సుల్తానులు ఒక్కటై చేసిన ఈ యుద్ధాన్ని మతయుద్ధమనడం సబబేనా? సభ్యులు ఆధారాలతో రాయగలరు.

మొదటి అభిప్రాయం

సబబు కాదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆ రోజు రామరాయలకు ఎదురు నిలిచినవారిలో ఇద్దరు ఒకప్పుడు ఆయన ఇంటి గడప తొక్కినవారే. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా తన అన్న జంషీద్‌కు భయపడి ఏడేళ్ళపాటు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. ఆ తర్వాత గద్దెనెక్కి తెలుగు కవులను ఆదరించి, వారి నోట 'మల్కిభరాముడు' అనిపించుకున్నాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. బీజాపూర్ అలీ ఆదిల్‌షా అయితే, రామరాయల కొడుకు చనిపోయినప్పుడు పరామర్శకు స్వయంగా విజయనగరం వచ్చాడు. ఆయనను ఆ ఇంటివారు కొడుకులా చూసుకున్నారని పారశీక చరిత్రకారులే రాశారు. ఆ చనువుతోనే రామరాయలు, అలీ కలిసి అహ్మద్‌నగర్ మీదికి దండెత్తారు.

అలాంటి అలీ ఎందుకు ఎదురు తిరిగాడని అడిగితే, నాకు కనిపించే జవాబు షోలాపూర్ కోట. ఎన్నాళ్ళుగానో బీజాపూర్, అహ్మద్‌నగర్‌ల మధ్య తగవుకు మూలమైన ఆ కోటను హుసేన్ తన కూతురు చాంద్ బీబీని అలీకిచ్చి పెళ్ళి చేస్తూ అరణంగా ఇచ్చాడు. కోట చేతికి వచ్చింది, పాత శత్రువు మామగారయ్యాడు. ఇక ఒక సుల్తానును మరొకరి మీదికి ఉసిగొల్పి తాను పెద్దరికం చేస్తూ వచ్చిన రామరాయల తోడు అలీకి అక్కరలేకపోయింది.

అభ్యంతరం

మీరు చెప్పిన వివరాలు కాదనను గాని, విశ్వాసాన్ని పూర్తిగా పక్కన పెట్టడం న్యాయం కాదండీ. అహ్మద్‌నగర్ దండయాత్రలో మసీదులకు అపచారం జరిగిందని, అదే సుల్తానులను కలిపిందని పారశీక చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. హుసేన్ సంధికి వచ్చినప్పటి కథ ఒకటి ఉంది: రామరాయలు చేయి పట్టుకోగానే, మైల అంటుకున్నట్టు ఆయన నీళ్ళు తెప్పించి చేతులు కడుక్కున్నాడట. అది చూసి మండిపడిన రామరాయలు తానూ చేతులు కడుక్కున్నాడట. ఇది కోటల తగవు మాత్రమేనంటారా? పైగా యుద్ధం మధ్యలో విజయనగర సైన్యంలోని ఇద్దరు ముస్లిం సేనానులు పక్షం మార్చారు కదా.

మొదటి సభ్యుని జవాబు

చేతులు కడుక్కున్న కథ బలమైనదే, దాన్ని తోసిపుచ్చలేను. ఆ మనుషులకు మతం ఉంది, పరాయివాడి స్పర్శ అంటే ఏవగింపూ ఉంది. అయితే అదే ఏవగింపు అంతకుముందు కూడా ఉన్నా పొత్తులు సాగాయి కదా. మరి 1565లోనే కత్తి దూయించినదేమిటన్నది నా ప్రశ్న. ఇక ఫెరిస్తా తన గ్రంథాన్ని రాసింది యుద్ధం జరిగిన దాదాపు నలభై ఏళ్ళకు, బీజాపూర్ కొలువులో ఉంటూ. గెలిచినవారి కొలువులో, కొడుకులా చూసుకున్నవాడి మీద అలీ కత్తి ఎత్తాడని రాయడం కంటే ధర్మం కోసం పోరాడాడని రాయడం సులువు. మసీదుల మాట అబద్ధమని నేను అనడం లేదు, ఆ మాటను ఎవరు ఎప్పుడు చెప్పారో చూడమంటున్నాను.

సేనానుల ద్రోహం గురించి మనకు చెప్పినవాడు వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్. 1567లో ఆయన విజయనగరానికి వచ్చాడు. పెద్ద బలగాలను ముస్లిం సేనానుల చేతిలో పెట్టిన రామరాయలు తన యుద్ధాన్ని మతాల పోరుగా చూశాడని ఎలా అనుకోగలం? నగరం పూర్తిగా నేలమట్టం కాలేదని, ఇళ్ళు నిలిచే ఉన్నా మనుషులు లేక వాటిలో పులులు తిరుగుతున్నాయని కూడా ఫ్రెడరికే రాశాడు. దోపిడీ భయంకరంగా జరిగింది, విఠలాలయం దెబ్బతిన్నది, నిజమే. కాని రామరాయల తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను, పేరుకే చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండకు తరలిపోవడం కూడా ఆ ఇళ్ళు ఖాళీగా మిగలడానికి కారణమే. గెలిచిన సుల్తానుల ఐక్యత కూడా నిలవలేదు. 1574 నాటికి అహ్మద్‌నగర్ తోటి సుల్తానేట్ అయిన బేరారునే మింగేసింది.