మాత్ర వల్ల వచ్చే ఇబ్బందులను రోగికి ముందే చెప్పాలా, వద్దా?

హంద్రీ_గట్టు (అనంతపురం):
సభ్యులందరికీ నమస్కారం. డాక్టరు రాసే ప్రతి మందుకూ ఉన్న దుష్ప్రభావాలన్నీ రోగికి ముందే చెప్పి తీరాలని పోయిన వారం ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. ఇంట్లో కొడుకులకు చెబితే చాలు. మా నాయన బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఆరేళ్లు వేసుకున్నారు. దాన్ని 10కి పెంచిన నెలకు పాదాలు వాచాయి. సాయంత్రం చెప్పులు విడిస్తే పట్టీల అచ్చు కాలి మీద అట్లాగే ఉండేది. ఆ మాత్రతో కిడ్నీలు పోతాయని ఎవరో పంపిన వీడియోలో విని, ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా మానేశారు. మూడో నెలలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. సగం తెలిసిన దుష్ప్రభావం మనిషిని భయపెట్టి, బతికించే మందును మాన్పిస్తుంది. ఇది నేను చదివి చెప్పడం లేదు, చూసి చెబుతున్నాను.

పెన్నా_ఆడబిడ్డ (కడప):
సార్, మీ నాయన గారి సంగతి చదివి బాధ కలిగింది. కానీ చెప్పకపోతే ఏమవుతుందో కూడా వినండి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాలుగేళ్లుగా మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుని రోజుకు రెండు వేసుకునేది. షాపులో పది మాత్రల అట్టను కత్తిరించి నాలుగు ఇస్తారు, పేరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆమెకు అది 'తెల్లకాగితంలో ఇచ్చే నొప్పి మాత్ర', అంతే. వాటిని తమలపాకుల డబ్బాలో, సున్నపుకాయ పక్కన దాచుకునేది. దాంతోపాటు బీపీకి టెల్మిసార్టన్, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా ఉన్నాయి. ఆ రెండింటి మీద నొప్పి మాత్ర చేరితే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుందనీ, ఎండదెబ్బకో విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మరీ ప్రమాదమనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. పోయిన మే నెలలో రెండు రోజులు వాంతులయ్యాయి. ఆ రెండు రోజులూ మూడు రకాల మాత్రలనూ వదలకుండా వేసుకుంది. ఇప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ ఎంత దెబ్బతిన్నదో చూపే రక్తపరీక్ష లెక్క) 4.1.

చీటీ_చదివేవాడు (కర్నూలు):
ఇరవై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. చర్చ ఎటు పోయినా ఆమ్లోడిపిన్ వాపు గురించి తప్పు నిలిచిపోకూడదు కనుక రాస్తున్నాను. ఆ వాపు కిడ్నీ చెడినందువల్ల వచ్చేది కాదు. ఈ మందు సన్నని ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. దాంతో చిన్న రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటి కండలోకి ఊరుతుంది. అందుకే సాయంత్రానికి ఎక్కువై, పడుకుని లేచేసరికి తగ్గుతుంది. 5 కంటే 10 మిల్లీగ్రాములతో ఎక్కువగా కనిపిస్తుంది. మూత్రం మాత్రతో పెద్దగా తగ్గదు. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, టెల్మిసార్టన్ వంటిది జోడించడమో డాక్టరు చేస్తారు. అయితే ముఖం కూడా వాచినా, ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచినా కారణం వేరే కావచ్చు, వెంటనే చూపించుకోవాలి. మరొక మాట. ఈ మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది. మానిన రెండు మూడు రోజులు ఏ తేడా తెలియదు, 'మానినా బాగానే ఉన్నానే' అనిపిస్తుంది. మోసం అక్కడే జరుగుతుంది.

కేసీ_కాలువ (కర్నూలు):
గ్యాస్ మాత్ర తిన్న తర్వాత వేసుకోవచ్చునా?

చీటీ_చదివేవాడు:
పాంటోప్రజోల్ అయితే తినడానికి అరగంట ముందు. ఏళ్ల తరబడి సొంతంగా వాడకండి, బి12, మెగ్నీషియం తగ్గవచ్చు.

హంద్రీ_గట్టు:
వాపు ఎందుకు వస్తుందన్నది కాదు నా ప్రశ్న. మా వీధిలో ఒకావిడ షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కిడ్నీలను తినేస్తుందని విని మానేసి, షుగర్ 400 దాటాక ఆసుపత్రిలో చేరింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఆ మందు ఆపుతారు, అది నిజమే. అంతమాత్రాన ఆ మందే కిడ్నీలను చెడగొడుతుందని కాదు. ఈ రెండింటి తేడా ఆమెకు ఎవరు వివరిస్తారు? చదువురాని వాళ్లకు జాబితా చదివి వినిపిస్తే మాత్రలు చెత్తకుప్పలోకి పోతాయి.

పెన్నా_ఆడబిడ్డ:
'చదువురాని వాళ్లకు' అన్నారు. మా అమ్మకు చదువు రాదు. ఆరెకరాల వేరుశనగ సేద్యం, ముగ్గురు బిడ్డల పెళ్లిళ్లు చేసింది. ఏ మందు ఎన్నిసార్లు కొట్టాలో, ఏది పురుగుకో ఏది తెగులుకో డబ్బా రంగు చూసి చెబుతుంది. ఆమెకు అర్థం కాదని తేల్చడానికి మీరెవరు?

హంద్రీ_గట్టు:
అమ్మా, నేను మీ తల్లిగారిని అనలేదు. నాలుగేళ్లు డాక్టరు చీటీ లేకుండా నొప్పి మాత్రలు కొన్నది ఎవరి తప్పు?

బురుజు_కింద (కర్నూలు):
ఇద్దరూ పెద్దవాళ్లే. దయచేసి మాట జారవద్దు.

పెన్నా_ఆడబిడ్డ:
అడిగారు కనుక చెబుతాను. డైక్లోఫెనాక్ అట్ట మీద ఎర్ర గీత ఉంటుంది, చీటీ లేకుండా అమ్మకూడదు. తప్పు అక్కడ మొదలైంది. కానీ నన్ను కాల్చేది అది కాదు. రెండేళ్ల కిందటే ఒక డాక్టరు గారు 'నొప్పి మాత్రలు ఆపించండి, కిడ్నీ లెక్క పెరుగుతోంది' అన్నారు. ఎవరితో అన్నారు? గది బయట వరండాలో, మా అన్నతో. అమ్మ లోపల బల్ల మీద కూర్చునే ఉంది. అన్న బెంగళూరు వెళ్లిపోయాడు, పనిలో పడి మరిచిపోయాడు. మింగే నోరు ఒకరిది, విన్న చెవి ఇంకొకరిది. మీరు చెప్పవద్దనడం లేదు సార్, కొడుకులకు చెబితే చాలంటున్నారు. నేను కాదనేది దాన్ని.

హంద్రీ_గట్టు:
నిన్న మీ మాట చదివి జవాబు రాయలేకపోయాను. మోతాదు పెంచిన రోజు డాక్టరు నాతో, 'కాళ్లు వాయవచ్చు, వాస్తే తీసుకురండి, మందు మారుస్తాను' అన్నారు. నాయనకు చెబితే మానేస్తారని నేనే చెప్పలేదు. వాపు వచ్చింది, నేను చెప్పవలసిన మాట కంటే ముందు ఆ వీడియో చేరింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా కాగితంలోని ముప్పై దుష్ప్రభావాలను గుక్క తిప్పుకోకుండా చదివి వినిపించడం తప్పని ఇప్పటికీ అంటాను. ఏవి చెప్పాలి, ఎట్లా చెప్పాలి?

చీటీ_చదివేవాడు:
మందు ఇచ్చేటప్పుడు రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో ఉంది. సాయంత్రం రద్దీలో నేనూ ఎన్నోసార్లు చేయలేదు. చేసినప్పుడు తరచూ వచ్చేది ఒకటి, ప్రమాదమైనది ఒకటి, అది వస్తే ఏం చేయాలో చెబుతాను. షుగర్‌కు గ్లిమిపిరైడ్ తీసుకునేవారికి, 'ఉపవాసం, రోజా ఉండాలనుకుంటే ముందుగా డాక్టరును అడగండి, చెమట పట్టి చేతులు వణికితే చక్కెర నోట్లో వేసుకోండి' అంటాను. బీపీకి వాడే రామిప్రిల్ అయితే, 'పొడిదగ్గు పట్టుకుంటే దగ్గు సిరప్ కొనకండి, మాత్ర మార్పించుకోండి' అంటాను. మందు వల్ల ఇబ్బంది కలిగిందని అనుమానముంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి ఎవరైనా తెలపవచ్చు.

పెన్నా_ఆడబిడ్డ:
సార్, మీ నాయన గారికి ఈ మాట మీరే చెప్పండి, ఇప్పుడైనా. మా అమ్మకు నిన్న మాత్రలన్నీ ముందు పరిచి ఒక్కొక్కటి దేనికో చెప్పాను. అంతా విని, నొప్పి మాత్రలను తమలపాకుల డబ్బాలోంచి తనే ఏరి నా చేతిలో పెట్టింది. పదకొండు ఉన్నాయి.