మా అబ్బాయి మిషనరీగా సేవ చేసిన విశాఖపట్నానికి కుటుంబమంతా వెళ్ళాలనుకుంటున్నాము, సలహా ఇవ్వగలరు

ప్రశ్న (సికింద్రాబాదు నుండి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా పెద్దబ్బాయి యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము తరఫున 24 నెలలు పూర్తికాల మిషనరీగా సేవ చేసి, కిందటి సంవత్సరం ఇంటికి చేరాడు. ఆ రెండేళ్ళలో దాదాపు తొమ్మిది నెలలు విశాఖపట్నంలోనే ఉన్నాడు. ముందు గాజువాక వైపు, తరువాత కంచరపాలెం వైపు పని చేశాడు. మిషనరీలు వారానికొకసారి ఇంటివారితో ఫోనులో మాట్లాడుకునే వీలు 2019లో కల్పించారు కాబట్టి, ఆ ఊరి కబుర్లు వారం వారం వింటూనే ఉన్నాము. అయితే విన్నది వేరు, కళ్ళతో చూడటం వేరు అని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

సికింద్రాబాదులో పుట్టి పెరిగిన పిల్లవాడు ఇప్పుడు "ఏంటి" అనవలసిన చోట "ఏటి" అంటున్నాడు. మిషనరీలు చొక్కా జేబుకు పెట్టుకునే, పేరు రాసిన ఆ నల్లని పలకను తీసి పెట్టి ఏడాది దాటినా, బయటకు బయలుదేరేటప్పుడు అతని చెయ్యి ఒకసారి చొక్కా జేబు మీదికి వెళ్ళి వస్తుంది. భోజనాల దగ్గర కూర్చుంటే ఎవరో అవ్వ కాచి ఇచ్చిన రాగి అంబలి గురించి, ఏదో సందులో ఉన్న రెండు గదుల ఇంటి గురించి చెబుతాడు. వాడిని అన్నాళ్ళు తమ బిడ్డలా చూసుకున్న ఆ మనుషులకు ఒక్కసారి ఎదురుగా నిలబడి దండం పెట్టాలని నా కోరిక.

మేము మొత్తం ఐదుగురము వస్తాము: నేను, మావారు, అబ్బాయి, ఇంటర్ చదువుతున్న అమ్మాయి, 78 ఏళ్ళ మా అత్తగారు. మా అత్తగారు సంఘ సభ్యురాలు కారు. విశాఖ వరకూ వెళ్ళి సింహాద్రి అప్పన్నను చూడకుండా తిరిగి రావడం ఆమెకు ఇష్టం లేదు. ఎన్ని రోజులు ఉండాలి, ముందుగా చెప్పి వెళ్ళాలా లేక హఠాత్తుగా వెళ్ళి సంతోషపెట్టాలా, ఏమి పట్టుకెళ్ళాలి, ఇవన్నీ ఆలోచిస్తున్నాను. ఇలా వెళ్ళివచ్చినవారు, ముఖ్యంగా విశాఖలో ఉండేవారు, దయచేసి చెప్పండి.

జవాబు 1 (గాజువాక నుండి ఒక గృహిణి)

సిస్టర్ గారూ, మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది. మా ఇంటికి ఎంతోమంది ఎల్డర్లు (మిషనరీ అబ్బాయిలను మేము అలా పిలుస్తాము) వచ్చారు, వెళ్ళారు. బదిలీ అయ్యేనాడు బ్యాగు భుజాన వేసుకుని "వెళ్ళొస్తాం అక్కా" అన్నవారిలో మళ్ళీ కనిపించినవారు చాలా తక్కువ. అందుచేత మీరు రావాలనుకోవడమే మాకు పెద్ద విషయం.

అయితే హఠాత్తుగా మాత్రం రాకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మూడేళ్ళ క్రితం మాకు అదే జరిగింది. ఇక్కడ సేవ చేసి వెళ్ళిన ఒక అబ్బాయి కుటుంబం ఏడుగురు మనుషులతో, మమ్మల్ని సంతోషపెట్టాలని, చెప్పకుండా వచ్చారు. అది నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు మేము రెండు పూటలు భోజనం మాని, ఆ ఖర్చును ఉపవాస కానుకగా ఇస్తాము కాబట్టి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మావారు రాత్రి షిఫ్టు చేసి, ఉదయం ఆరాధనకు వచ్చి, ఇంటికి చేరి అప్పుడే నిద్రపోయారు. వచ్చినవారికి కూర్చోవడానికి చోటు లేదు, పక్కింటి నుండి కుర్చీలు, కంచాలు తెచ్చాను. వాళ్ళు మంచివారే, ఏమీ అనుకోలేదు. కానీ వాళ్ళు ఉన్న గంటన్నరలో నేను వంటింట్లోనే ఉన్నాను. ఆ అబ్బాయి తల్లితో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాననే బాధ నాకు ఇప్పటికీ ఉంది. పది రోజుల ముందు ఒక్క ఫోను చేసి ఉంటే, ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె కొడుకు మొదటిసారి తెలుగులో ప్రార్థన చేయించడానికి ఎంత వణికాడో, ఆరు నెలలకు ఎలా మారాడో చెప్పేదాన్ని.

కాబట్టి ముందు మీ అబ్బాయి చేత ఇక్కడి సంఘ నాయకుడైన బ్రాంచి ప్రెసిడెంట్ గారికి ఫోను చేయించండి. ఎవరు ఊళ్ళో ఉన్నారు, ఎవరు ఇల్లు మారారు, ఎవరి ఇంట్లో ఈ మధ్య కష్టం వచ్చింది అనే సంగతులు ఆయనకు తెలుస్తాయి. ఒక్క ఇంటికి మాత్రం భోజనానికి ఒప్పుకోండి. మిగిలిన ఇళ్ళకు సాయంత్రం పూట అరగంట చొప్పున వెళ్ళండి. ఇక్కడ చాలామందివి రోజుకూలీ, కాంట్రాక్టు పని చేసే ఇళ్ళు. "ఏమీ వద్దండి" అన్నా ఊరుకోరు, అప్పు చేసైనా కోడి కూర వండుతారు. "భోజనం చేసి వచ్చాము, మజ్జిగ ఇవ్వండి చాలు" అని మీరే ముందు అడిగితే వాళ్ళకు ఇచ్చామన్న తృప్తి ఉంటుంది, భారమూ ఉండదు.

ఇంకొక సున్నితమైన సంగతి. కొన్ని ఇళ్ళలో ఒక్కరే సంఘంలో చేరి ఉంటారు, మిగిలినవారికి అది ఇష్టం ఉండదు. అటువంటి ఇంటికి ఐదుగురు వెళ్ళి, మిషనరీ పని గురించి గొంతెత్తి మాట్లాడితే, మీరు రైలెక్కిన తరువాత ఆ ఒక్కరికి కష్టమవుతుంది. అక్కడికి మీ అబ్బాయి, మీరు, ఇద్దరే వెళ్ళండి. లేదా వాళ్ళను ఆదివారం ఆరాధన దగ్గరే కలుసుకోండి.

పట్టుకురావడానికి ఖరీదైనవి వద్దు. మీ అబ్బాయి ఇక్కడ ఉన్నప్పుడు తీసిన ఫోటోలు అచ్చు వేయించి తీసుకురండి. మా దగ్గర ఫోనులో తప్ప ఒక్క ఫోటో కూడా కాగితం మీద లేదు, ఫోను పాడైనప్పుడల్లా అవి కూడా పోతున్నాయి.

జవాబు 2 (సేవ ముగించుకుని వచ్చిన ఒక సిస్టర్, సీతమ్మధార)

ఆంటీ, నాది విశాఖే. నేను 18 నెలలు మరొక రాష్ట్రంలో సేవ చేసి వచ్చాను. ఇంటికి వచ్చిన మూడేళ్ళకు అమ్మనూ నాన్ననూ అక్కడికి తీసుకువెళ్ళాను. తిరిగి వెళ్ళే మిషనరీ మనసులో ఏముంటుందో మీకు చెప్పాలనిపించింది.

బయలుదేరేముందు నేను ఒక పట్టిక రాసుకున్నాను. ఎవరు బాప్తిస్మము పొందారో, ఎవరు ఇప్పటికీ సంఘానికి వస్తున్నారో, వారి ఇళ్ళే అందులో ఉన్నాయి. నేను చేసిన పని వృథా కాలేదని అమ్మకూ నాన్నకూ చూపించాలనే తాపత్రయం నాలో ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రెండవ రోజు సాయంత్రం కూరగాయల బజారులో ఒకామె ఎదురైంది. నేనూ నా సహచరీ (మిషనరీలము ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే పని చేస్తాము) నాలుగు నెలలు ఆమె ఇంటికి వెళ్ళాము. ఆమె సంఘంలో చేరనూ లేదు, తరువాత మాతో మాట్లాడటం కూడా మానేసింది. ఆమెను చూడగానే పక్క వీధిలోకి తిరిగిపోదామనుకున్నాను. ఆమె మాత్రం సంచి కింద పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని, అమ్మవైపు చూసి, "ఈ పిల్ల మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వచ్చి నా పక్కన కూర్చుంది" అని తన భాషలో చెప్పింది. ఆ మాటలు నేనే అమ్మకు తెలుగులో చెప్పవలసి వచ్చింది, సగంలో నా గొంతు ఆగిపోయింది. నా పట్టికలో లేని మనిషి ఆమె.

అందువల్ల ఎవరిని చూడాలో మీ అబ్బాయినే నిర్ణయించనివ్వండి, కానీ కొంత సమయం దేనికీ కేటాయించకుండా వదిలేయండి. అతను నడిచిన వీధులలో ఒక పూట ఊరికే అతనితో నడవండి. ఏదో ఒక మలుపు దగ్గర తానే ఆగి చెప్పడం మొదలుపెడతాడు. ఆగిన చోట మీరు ప్రశ్నలు వేయకండి. సంఘానికి రావడం మానేసినవారి గురించి "ఎందుకు మానేశారు" అని అసలు అడగవద్దు. ఆ ప్రశ్న అతను తనను తాను ఇప్పటికే చాలాసార్లు అడుగుకుని ఉంటాడు.

అతనికి ఇప్పుడే వెళ్ళాలని ఉందో లేదో కూడా ముందుగా తెలుసుకోండి. మా బృందంలోనే ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో ఆ ఊరి పేరు వింటే కళ్ళు తుడుచుకునేవారు ఉన్నారు. మరొకటి, అక్కడ ఇప్పుడు ఉన్న ఎల్డర్లు తమ దినచర్యలో ఉంటారు. వాళ్ళను ఆదివారం పలకరించండి, సంతోషిస్తారు. వెంట తిప్పుకోవడం, బీచికి రమ్మనడం వద్దు. వీలుంటే మీ అబ్బాయి సహచరులలో ఒకరిని కూడా రమ్మనండి. ఆ ఊరిని అతను ఏనాడూ ఒంటరిగా చూడలేదు, ప్రతి గుమ్మం ముందూ ఇద్దరే నిలబడ్డారు. నా సహచరి ఒక్క పూట వచ్చి కలిసినందుకే, నేను మరచిపోయిన సగం సంగతులు అమ్మకు తెలిశాయి.

జవాబు 3 (మహారాణిపేట నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, నేను మీ సంఘానికి చెందినవాడిని కాను, మరొక సంఘంలో పుట్టి పెరిగాను. మీ అబ్బాయి "ఏటి" అంటున్నాడన్న మాట నన్ను ఆపింది. ఈ ఊరికి వచ్చి ఈ ఊరి తెలుగు నేర్చుకున్న మిషనరీల వరుస చాలా పాతది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం చేరి, ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుని సహాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అచ్చు పుస్తకాన్ని ఆ ఇద్దరిలో ఎవరూ చూడలేదు. క్రాన్ 1809లో, దె గ్రాంజ్ 1810లో మరణించారు. వాళ్ళు కూడా ఇద్దరిద్దరుగా వచ్చినవారే. వాళ్ళ తల్లులకు మాత్రం మీకు దొరుకుతున్న ఈ ప్రయాణం దొరకలేదు.

మీ అత్తగారి సంగతి. సింహాచలం కొండమీదికి బస్సూ కారూ రెండూ వెళతాయి, మెట్లు ఎక్కవలసిన పని లేదు. స్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. ఆనాటి రద్దీ 78 ఏళ్ళ మనిషికి తగదు కాబట్టి ఆ తేదీ తప్పించి, మామూలు రోజున పొద్దున్నే తీసుకువెళ్ళండి. ఆమె కోరికను చివర్లో సమయం మిగిలితే చూద్దామన్నట్టు పెట్టకండి, మొదటి రోజే పెట్టండి. మనవడి ప్రయాణంలో ఆమె ప్రయాణం కూడా ఉందని ఆమెకు అనిపిస్తుంది. పాత నగరంలో ఓడరేవు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిమీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదానిమీద దర్గా, మధ్యలో రాస్ హిల్ మీద మరియమాత చర్చి. రాస్ అనే ఆయన 1864లో కట్టుకున్న ఇల్లే తరువాత ప్రార్థనాలయమైంది. ఆ మూడింటినీ ఒకే చూపులో చూపించండి, మీ ఇంట్లో నాయనమ్మకూ మనవడికీ మధ్య మాటలకు అది మంచి చోటు.

ప్రశ్న అడిగిన తల్లి

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. హఠాత్తుగా వెళదామన్న ఆలోచన నాదే. గాజువాక సిస్టర్ గారి జవాబు చదివి ఆ ఆలోచన మానుకున్నాను. నిన్న రాత్రి మీ ముగ్గురి మాటలూ అబ్బాయికి చదివి వినిపించాను. బజారులో ఎదురైనామె సంగతి దగ్గర లేచి తన గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి, మూలలు నలిగిపోయిన తన డైరీ తెచ్చి నా ఒడిలో పెట్టాడు. అందులో అంబలి ఇచ్చిన అవ్వ పేరు ఎదురుగా "ప్రతి బుధవారం" అని రాసి ఉంది. ఆమె ఏనాడూ సంఘానికి రాలేదట. ఆ వీధిలో మిట్టమధ్యాహ్నం నడిచే పిల్లలకు సంఘ నియమం ప్రకారం టీ, కాఫీ పనికిరావని తెలుసుకుని, తనంతట తానే అంబలి కాచి స్టీలు గ్లాసుల్లో పోసి ఉంచేదట. మొదటి ఇల్లు అదే అని నిర్ణయించుకున్నాము, బుధవారమే వెళతాము.

సంక్రాంతికి రైళ్ళు దొరకవు కాబట్టి ఫిబ్రవరి అనుకుంటున్నాము. టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు కనుక తేదీ రాసి పెట్టుకున్నాను. వందే భారత్‌లో పగటిపూట వస్తే మా అత్తగారికి నిద్ర చెడదు. మంగళవారం చేరి, బుధవారం పొద్దున సింహాచలం, మధ్యాహ్నం కంచరపాలెం. గురు, శుక్రవారాలు గాజువాక. శనివారం దేనికీ కేటాయించలేదు. నెలలో మొదటిది కాని ఆదివారం చూసుకుని, ఆరాధన అయ్యాక సాయంత్రం బయలుదేరతాము. ఫోటోలు నలభై రెండు అచ్చుకు ఇచ్చాను.

మా అమ్మాయి కుర్సురా జలాంతర్గామి చూడాలంటోంది. అబ్బాయి మాత్రం ఒక్కటే అడిగాడు. మిషనరీలు ఈతకు దిగకూడదన్న నియమం ఉన్నందున, తొమ్మిది నెలలు ఆ సముద్రం పక్కనే ఉండి కూడా అతను నీళ్ళలోకి దిగలేదు. చెల్లెలితో కలిసి మోకాళ్ళ లోతు వరకైనా దిగాలని ఉందట. ఆర్కే బీచిలో అలలు లోపలికి లాగేస్తాయని విన్నాను. రుషికొండ దగ్గర ఏ వేళకు వెళితే మంచిదో, రక్షక సిబ్బంది ఎప్పటివరకు ఉంటారో స్థానికులు ఎవరైనా చెప్పగలరా?